నాట్యాచార్యుని అర్హత : పరంపరనుండి పట్టమువరకు

నాట్యము నేర్చిన ప్రతివాడును నాట్యము నేర్పగలవాడగునా? ఈ ప్రశ్నకు మన లక్షణకారులు చాలకాలము క్రిందటనే కాదని సమాధానము చెప్పియున్నారు. అయితే నేర్పగలవాడెవ్వడో గుర్తించుట యెట్లు, ఆ గుర్తింపునిచ్చు అధికారము ఎవరిది అను విషయములందు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క మర్యాద నడచినది. ఇంటిపేరే అర్హతగా చెల్లిన కాలము కలదు. మేళములో నిలుచు స్థానమే అర్హతగా ఎంచబడిన కాలము కలదు. నేడు విద్యాసంస్థ యిచ్చు పత్రము అర్హత. ఈ మార్పు తెలుగుదేశమున ఎట్లు జరిగినది, అందు మనకు దక్కినదేమి, జారిపోయినదేమి అనునది ఈ వ్యాసమునకు విషయము. నాట్యమును గూర్చి మనకు గ్రంథములు కలవు; ఆడినవారి చరిత్ర అందు విస్తరముగనే కానవచ్చును. ఆడించినవారి చరిత్ర ఇంకను ముక్కలుగనే యున్నది.

ఈ ప్రశ్న నాకు గ్రంథములు తిరుగవేయునప్పుడు తోచినది కాదు. మాది వికారాబాదునకు సదాశివపేటకు నడుమనున్న మోమిన్‌పేట ప్రాంతము. నాట్యమునకు పేరుమోసిన అగ్రహారముగాని, ఆలయమేళముగాని మా చుట్టుపట్ల ఉన్నట్లు నే నెరుగను. కాని తెలంగాణములోని ఇతర పల్లెలలో వలెనే చిరుతల రామాయణము ఆడుట నా చిన్ననాట కలదు. కోతలు ముగిసి కళ్లములు ఖాళీయైన పిదప ఊరివారు వేరొక గ్రామమునుండి గురువును పిలిపించుకొనెడివారు. ఆయన చేత ఒక వ్రాతపుస్తకము, సంచిలో ఒక జత చిరుతలు. పగలు సేద్యము చేసిన యువకులు రాత్రి ఆయన చుట్టు వలయముగా నిలిచి అడుగు నేర్చెడివారు. చదువురాని వానికి పద్యమును నోటిద్వారా ఎక్కించుట, ఎడమ కుడి తెలియక తడబడు వాని కాలిని తన చేతితో పట్టి మోపించుట, గొంతు లేనివానికి మాటలు తక్కువ గల వేషమిచ్చుట, ఇవన్నియు ఆయన పనులే. ఆడునాడు ఎవడైన తప్పినచో జనులు వానిని నిందింపలేదు. “గురువు చెప్పలే” అనెడివారు. పట్టాభిషేకమునాడు ఆయనకు బట్టలు పెట్టి, ఒప్పుకొన్న సొమ్మిచ్చి సాగనంపెడివారు. ఆయనను పత్రమడిగినవారు లేరు. పొరుగూరిలో ఆయన ఆడించిన ఆటయే ఆయన పత్రము.

దీనికి సరిగా ఎదురైన అనుభవము కొన్నేండ్ల క్రిందట కలిగినది. ఆ ప్రాంతమునుండియే వచ్చి, నగరములో కూచిపూడి నాట్యమున డిప్లొమా పొందిన యొక విద్యార్థిని ఆదివారములందు చిన్నపిల్లలకు పాఠము చెప్ప నారంభించినది. రెండు నెలలు గడచిన పిదప నా వద్దకు వచ్చి, “సార్, నాకు ఆడుడు వస్తది గానీ, ఆడించుడు ఎవ్వరూ నేర్పలే” అని వాపోయినది. ఆమె ఆట నేను చూచితిని. అందు లోపము లేదు. ఆమె చెప్పిన మాటలోనే ఈ విషయమంతయు ఇమిడియున్నదని నాకు తరువాత తెలియవచ్చినది.

భరతుని నాట్యశాస్త్రమున గాయకుల, వాదకుల గుణదోషములు చెప్పు ఘట్టమున ఆచార్యునికి ఆరు గుణములు చెప్పబడినవి. జ్ఞానము, విజ్ఞానము, కరణము, వచనము, ప్రయోగసిద్ధి, నిష్పాదనము అనునవి అవి. అది సంగీతాచార్యుని ప్రసంగమున వచ్చినదే యైనను, నాట్యాచార్యునికి వర్తింపని గుణమందొకటియు లేదు. శాస్త్రము తెలియుట మొదటిది. తెలిసినదానిని క్రియలో పెట్టుట, దానిని మాటలతో విప్పిచెప్పుట, సభలో రాణింపజేయుట తరువాతివి. చిట్టచివర నిలిపిన నిష్పాదనమునకు శిష్యుని సిద్ధునిగా చేయుట యని అర్థము. శిష్యుల స్వభావము నెరిగి బోధించుట వలన అది సమకూరును. తక్కిన అయిదు గుణములును మంచి నటునియందును పండితునియందును ఉండవచ్చును. ఆరవది ఆచార్యునికే ప్రత్యేకము. ఆ పట్టికలోనే శిష్యగుణములును ఆరు చెప్పి, మేధ, స్మృతి, ఉత్సాహము మొదలగువాటిని పేర్కొనుట గమనింపదగినది. ఆచార్యత్వము ఇద్దరి మధ్య జరుగు వ్యాపారమని శాస్త్రకారుని తలంపు.

మా చిరుతల గురువునకు జ్ఞానము కొద్ది, నిష్పాదనము మెండు. నా విద్యార్థినికి మొదటి గుణములు కొంతవరకు సంపూర్ణములు. ఆరవదానికి ఆమె చదివిన చదువులో చోటు లేదు. ఈ రెంటినడుమ మన నాట్యవిద్య నడచిన త్రోవను చూతము.

కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతియైన జాయపసేనాని పదమూడవ శతాబ్ది నడుమ నృత్తరత్నావళిని రచించెను. ఎనిమిది అధ్యాయముల ఆ గ్రంథమున మొదటి నాలుగును మార్గమునకు, తక్కిన నాలుగును దేశికి వినియోగపడినవి. సేనాపతి యొకడు పేరణి మొదలగు దేశినృత్తముల నింత సూక్ష్మముగ వర్ణించుటకు ఆనాడు వాటిని నేర్పు ఆచార్యులు బలముగా ఉండియుండవలెను. రాజాశ్రయమున ఆచార్యుని యోగ్యతను నిర్ణయించువాడు రాజు. ఆ రాజునకు దృష్టినిచ్చునది శాస్త్రము. జాయపవంటి అధికారి గ్రంథము వ్రాయుటలో ఈ ప్రయోజనము కూడ కలదని నా యూహ.

కూచిపూడి సంగతి వేరు. అచ్చట యోగ్యతను నిర్ణయించినది కుటుంబము. మాచుపల్లి కైఫీయతునుబట్టి 1502 ప్రాంతమున కూచిపూడి భాగవతులు విజయనగరమున వీరనరసింహరాయల యెదుట ఆడి, సమ్మెట గురవరాజు దౌష్ట్యమును ప్రదర్శనముద్వారా తెలియజేసిరని పండితులు వ్రాసియున్నారు. గోలకొండ తానీషా, అనగా 1672 మొదలు 1687 వరకు ఏలిన అబుల్ హసన్, వారికి గ్రామమును అగ్రహారముగ నిచ్చెననునది వాడుకలోనున్న ఐతిహ్యము. ఆ గ్రామము ఆయా కుటుంబములకు పంచబడిన 1763 నాటి పత్రమున వారి యింటిపేర్లు కలవు. వేదాంతము, వెంపటి, చింతా మొదలగు ఆ పేర్లే నేటికిని మనకు నాట్యగురువుల పేర్లుగా వినబడుచున్నవి. భూమిహక్కును తెలుపు పత్రమే విద్యాహక్కును తెలుపు పత్రముగ కూడ పనిచేసిన దనుట అతిశయోక్తి కాదు. ఆ యిండ్లలో పుట్టిన మగపిల్లవాడు సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామ వేషము ఒక్కమారైన కట్టవలెనను నియమము ప్రసిద్ధము.

అయినను ఆ కుటుంబములలో పుట్టినవారందరును గురువులు కాలేదు. ఇది మన చరిత్రకారులు అంతగా పట్టించుకొనని విషయము. మేళములో సూత్రధారుని స్థానము ఒకటి కలదు. తాళము చేతబట్టి జతులు చెప్పి, దరువును ఎత్తించి, వేషధారి తడబడినచో మాటనందించి, విదూషకునిగా నడుమ నడుమ పరిహాసము చేసి, రాత్రియంతయు ఆటను నడిపించువాడు సూత్రధారుడు. వయసు మళ్లి వేషము విడిచిన నటుడు అందరును సూత్రధారుడు కాజాలడు. ప్రతి పాత్రయు కంఠస్థముగ నుండవలెను. ప్రతి పాత్రధారి బలహీనతయు తెలిసియుండవలెను. ఇంటిపేరు గుమ్మములోనికి రానిచ్చెడిది. తాళమునందుకొను యోగ్యతను మాత్రము మేళమే, ఏండ్ల తరబడి చూచి, నిర్ణయించెడిది. ఈ రెండవ పరీక్ష నిజమైన ఆచార్యపరీక్ష. అందు వ్రాతయు లేదు, మార్కులును లేవు. కాని అది నిష్పాదనమునే పరీక్షించినది.

కళావంతుల మేళములందు ఈ వ్యవస్థ మరియొక రూపమున నడచినది. గోదావరి మండలములందును, ఇతర తీరప్రాంతములందును ఆలయసేవయు కచేరియు నడపిన ఆ మేళములలో తాళము పట్టువాడు నట్టువుడు. కాని అభినయమున అసలైన గురుత్వము తరచుగా వృద్ధస్త్రీలదే. పదమునకు ఒక్కొక్క మాటపట్ల చేతిని కన్నును ఎట్లు త్రిప్పవలెనో పెద్దది చిన్నదానికి ఇంటిలో కూర్చుండబెట్టి చెప్పెడిది. క్షేత్రయ్య పదములు మనకు అచ్చుపుస్తకములలో దక్కినవి. వాటి అభినయము మాత్రము ఈ యిండ్లలోనే బ్రతికినది. బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయమున సేవచేసిన సరిదె మాణిక్యమ్మవంటివారు అట్టి విద్యకు ఇటీవలివరకు నిలిచిన సాక్షులు.

1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ అంకితనిషేధ చట్టమును చేసినది. ఆలయ ప్రాంగణములందు స్త్రీలు సేవగా ఆడుటయు నిలిచిపోయినది. ఆ చట్టము ఏ దురాచారమును మాన్పదలచెనో దానిని సమర్థించుట నా యభిమతము కాదు. ఆ వ్యవస్థలో ఆడుబిడ్డలు పడిన దుఃఖమును తేలికగ మాటాడు పరిశోధకుడు చరిత్రకారుడు కాడు. కాని చట్టమునకు వృత్తియు విద్యయు ఒక్కటిగనే కానవచ్చినవి. వృత్తి పోవలసినదే, దానితోపాటు విద్యగల స్త్రీకి గురుత్వముండు త్రోవను ఎవరును ఆలోచింపలేదు. నాట్యము సభామందిరములకు చేరి, గౌరవకుటుంబముల బాలికలు గజ్జెకట్ట నారంభించిన కాలముననే, వారికి అభినయము చెప్పుటకు అందరికంటె తగినవారు ఆ వృత్తికి తగనివారుగ ఎంచబడిరి. పత్రములేని గురువు అనర్హుడను మాట రాకమునుపే ఆమె అనర్హురా లైనది. పత్రము వచ్చిన పిదప ఆ యనర్హత కాగితముమీదికి కూడ ఎక్కినది.

ఈ పత్రమనునది మనకెట్లు వచ్చినదో తెలియుటకు కొంచెము దూరము పోవలసియున్నది. పాశ్చాత్యుల బాలేనృత్యమున గురువుల యోగ్యతను గూర్చిన వివాదము మనకంటె ముందుగా చెలరేగినది. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ 1661లో పారిసున నృత్యపరిషత్తును స్థాపించి, పదుముగ్గురు నృత్యాచార్యులను నియమించెను. అంతవరకు వాద్యకారుల శ్రేణి చేతనున్న నృత్యబోధనాధికారమును వీరు తప్పించి తామే పరీక్షకులైరి. తాళము పట్టువారికిని ఆడించువారికిని నడుమ కలహము అచ్చటను కలిగినదన్నమాట. ఆంగ్లదేశమున 1920లో బాలేగురువుల సంఘమొకటి వెలసి, అనంతరము రాజశాసనమును పొంది రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్సింగ్ అయినది. పిల్లల పరీక్షలు ఒకవంక, గురువుల శిక్షణ వేరొకవంక నడుపుట ఆ సంస్థ ప్రత్యేకత. గొప్ప నర్తకియైనను బోధనార్హతకు వేరుగ చదువవలెను. బిడ్డ ఎముకలు ఏ వయసున ఎంత బరువునోర్చును, పాఠమును ఏ క్రమమున కూర్చవలెను, తప్పును ఎట్లు చూడవలెను అనునవి ఆ చదువులోని విషయములు. లెనిన్‌గ్రాడున అగ్రిప్పినా వగానొవా 1934లో బాలేమూలసూత్రములను గూర్చి ప్రకటించిన గ్రంథముకూడ ఆడువారికంటె ఆడించువారికి ఎక్కువగా వ్రాయబడినది.

ఫ్రాన్సు ఈ త్రోవను చివరివరకు పోయినది. 1989 జూలై 10 నాటి చట్టము బాలే, సమకాలిక నృత్యము, జాజ్ అను మూడు విధములను జీతము గొని నేర్పుటకు ప్రభుత్వ డిప్లొమా ఉండవలెనని శాసించినది. నాలుగేండ్లు నిండని పిల్లలకు నృత్యము చెప్పరాదనియు, ఎనిమిదేండ్లలోపు వారికి ఆ నృత్యవిధాన సాంకేతికమును రుద్దరాదనియు అనుబంధ నిబంధనలు ఏర్పడినవి. మన పట్టణములలో అయిదేండ్ల పసిబిడ్డచే గట్టినేలమీద అరమండి పెట్టించి గంటసేపు నిలుపు గురువులను చూచినప్పుడెల్ల ఈ నిబంధన నాకు జ్ఞప్తికి వచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ప్రత్యేకమైన ఖ్యాతిగాని, నిరూపితమైన అనుభవముగాని గల గురువునకు డిప్లొమా లేకున్నను మినహాయింపునీయవచ్చునని ఆ చట్టముననే కలదు. చట్టము కఠినమైనను పరంపరకు ఒక కిటికీ తెరిచియుంచినది. ఆ మూడు విధములలో చేరనందున పారిసున కూచిపూడి నేర్పువానికి ఆ చట్టము అడ్డురాలేదనుట వేరు సంగతి.

బాలే యను మాటను మనవారు వేరొక అర్థమున వాడుట ఇచ్చట చెప్పక తప్పదు. కూచిపూడి నృత్యనాటకములను కరపత్రములలో ‘బాలే’ అని వేయుట గత శతాబ్ది ఉత్తరార్ధమున వాడుకయైనది. నృత్యనాటిక, నృత్యరూపకము అను చక్కని మాటలుండగ ఈ మాటేల యని పండితులు విసుగుకొనిరి. అయితే పేరుతోపాటు పాఠశాల, తరగతి, పరీక్ష అను భావములును ఆ దిక్కునుండియే వచ్చినవి. రుక్మిణీదేవి అరండేలు తొలుత బాలేను అభ్యసించినవారు. అన్నా పావ్లోవా పరిచయమువలన స్వదేశ నాట్యమువైపు మరలిరి. 1936లో మద్రాసున ఆమె స్థాపించిన కళాక్షేత్రమున సంప్రదాయ నట్టువనారులు మొదట పాఠము చెప్పిరి. వారు వెడలిన పిదప ఆమెయు ఆమె విద్యార్థులును తాళము పట్టిరి. కులమునుండి విద్య విడివడుటకు ఇది మొదటి మెట్టని చెప్పవచ్చును. నట్టువాంగము నేర్చుకొనదగిన విద్యయే గాని జన్మహక్కు కాదని అందువలన రుజువైనది. అదే సమయమున తంజావూరు నట్టువుని కుటుంబమునకు జీవనము తరిగినదనియు మరువరాదు.

తెలుగుదేశమున సంగీతమునకు పాఠశాల పెట్టుట విజయనగరమున 1919లో మొదలైనది. ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి అధ్యక్షుడు. హైదరాబాదున సంగీత నృత్య కళాశాల 1952లో వెలసినది. నేడు శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగ రామకోటిలోనున్నది అదియే. నాలుగేండ్ల సర్టిఫికెట్టు, దానిపై రెండేండ్ల డిప్లొమా అను క్రమము ప్రభుత్వ కళాశాలలయందు స్థిరపడినది. మోమిన్‌పేట, తాండూరు, వికారాబాదు ప్రాంతముల బిడ్డలకు శాస్త్రీయనాట్యము అందుబాటులోనికి తెచ్చినది ఈ కళాశాలయే. ఇంటిపేరుతో పనిలేక, కులముతో పనిలేక, ఆడుపిల్ల కూడ దరఖాస్తు పెట్టుకొని చేరవచ్చుననునది చిన్న మార్పు కాదు. పత్రమును నిందించువారు ఈ మేలును తలచుట లేదు.

కూచిపూడిలోను ఇదే కాలమున మార్పు వచ్చినది. వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు విద్య చెప్ప పూనుకొని పెద్దల ఆక్షేపణల నెదుర్కొన్నవారు. 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ నడపిన నృత్యగోష్ఠిలో విస్సా అప్పారావు కూచిపూడిని గూర్చి ప్రబంధము చదివిరి. అది శాస్త్రీయమా కాదా యను చర్చ అచ్చట లేచినది. మరుసటి యేడు హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ కూచిపూడినాట్యముపై ప్రత్యేకముగ గోష్ఠి నడపినది. శాస్త్రీయమని నిరూపించుకొనవలసిన విద్యకు లక్షణగ్రంథమును, పాఠ్యక్రమమును చూపవలసిన పని కలుగును. బందా కనకలింగేశ్వరరావు కృషివలన కూచిపూడి గ్రామముననే సిద్ధేంద్ర కళాక్షేత్రము స్థాపితమైనది. వేంకటరామ నాట్యమండలి సూత్రధారుడైన చింతా కృష్ణమూర్తి దానికి తొలి ప్రధానాచార్యుడు. ఈ నియామకము నా దృష్టిలో మిక్కిలి విలువైనది. అప్పటివరకు మేళము గుర్తించిన సూత్రధారుని విద్యాసంస్థయు గుర్తించినది. పాత పరీక్షయు క్రొత్త పరీక్షయు ఒకే మనిషియందు కలిసిన సంధికాల మది. ఆయనకు పట్టము లేదు. ఆయన శిష్యులకు ఉండవలసివచ్చినది.

వెంపటి చినసత్యము చరిత్రయు ఇట్టిదే. లక్ష్మీనారాయణశాస్త్రి, తాడేపల్లి పేరయ్యశాస్త్రి, తమ అన్నగారగు వెంపటి పెదసత్యముల వద్ద నేర్చి, 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిరి. మేళమున పిల్లవాడు ఆటను చూచి చూచి అడుగు నేర్చును. నగరమున వారమునకు రెండు గంటలు వచ్చు బాలికకు ఆ వీలు లేదు. కావున అడుగులను కూర్చి, సులభమునుండి కఠినమునకు, ఒక కాలమునుండి మూడు కాలములకు పోవు క్రమము నేర్పరచవలసివచ్చినది. బాలేగురువులు గోడకానించిన కఱ్ఱను పట్టించి మొదలిడు అభ్యాసక్రమమువంటి దొకటి కూచిపూడికి ఇట్లు సమకూరినది. అది నిష్పాదనమున జరిగిన గొప్ప కల్పన. ఆయన వద్ద చదివిన శోభానాయుడు మొదలగువారు హైదరాబాదున నడపిన శిక్షణాలయములవలన ఈ క్రమము తెలంగాణమునకు వ్యాపించినది. చినసత్యము 2012లోను, శోభానాయుడు 2020లోను గతించిరి. వారి శిష్యులలో మంచి గురువులెందరో కలరు. వారందరును ఎట్లు గురువులైరని విచారించినచో, తరగతి చివర నిలిచి పెద్ద గురువు చిన్నపిల్లలను దిద్దుట చూచిన వారే గురువులైరని తెలియును. పత్రమున లేని పాఠము అచ్చట చాటున నడచినది.

పేరిణి విషయమున చిక్కు మరియొక రకముగ వచ్చినది. నటరాజ రామకృష్ణ నృత్తరత్నావళిని, 1213 నాటి రామప్పదేవాలయ శిల్పములను ఆధారముగ గొని, అంతరించిన పేరిణిని పునరుద్ధరించి, 1985లో ఆ ఆలయ సన్నిధినే ప్రదర్శింపజేసిరి. పరంపర తెగిపోయిన విద్యకు తొలి గురువును ఎవరు పరీక్షింతురు? గ్రంథమును, రాతిని సాక్ష్యముగ పిలువవలసినదే. రాయి భంగిమను చూపును. భంగిమకు భంగిమకు నడుమనుండు గతిని చూపదు. ఆ నడుమదానిని ఆచార్యుడు తన అనుభవమున పూరింపవలెను. అందుచేత పేరిణిని శాస్త్రోక్తమనుటకంటె ఆచార్యకృతమనుట సత్యమునకు చేరువయని నా యభిప్రాయము. ఇది దానికి తక్కువతనము కాదు. ఆయనయే 1970లో హైదరాబాదున అభినయ సదస్సును కూర్చి, కళావంతుల కుటుంబములలోని వృద్ధనర్తకీమణులను ఆచార్యస్థానమున కూర్చుండబెట్టి, వారి విద్యను ఆంధ్రనాట్యమను పేర పైకి తెచ్చిరి. అంతకుముందు ఇరువదిమూడేండ్ల క్రిందట చట్టము మరచిన పనిని ఆ సదస్సు కొంత సవరించినది. ఆ స్త్రీలు వేదికనెక్కిరి. కళాశాల గుమ్మమును మాత్రము గురువులుగా ఎక్కిన జాడలేదు.

పిమ్మట విశ్వవిద్యాలయములు ప్రవేశించినవి. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము స్థాపితమై నాట్యమునకు పీఠమిచ్చినది. కూచిపూడిలోని కళాపీఠమును దాని యేలుబడిలోనికి వచ్చినది. తెలంగాణమున ఆ విశ్వవిద్యాలయమునకు 2025లో సురవరము ప్రతాపరెడ్డి పేరిడబడినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున 1988లో ఏర్పడిన సరోజినీనాయుడు కళానిలయమున కూచిపూడియందును, భరతనాట్యమునందును స్నాతకోత్తర విద్య కలదు. పరిశోధనకు ఇవి చేసిన మేలు విస్తరించి చెప్పనక్కరలేదు. ఈ పత్రిక పాఠకులలో కొందరు అందు పాలుగొన్నవారే. నట్టువాంగమునకు సైతము పాఠ్యక్రమములందు చోటు కలిగినది. కాని ఆ పరీక్షలో విద్యార్థి తాళము తప్పక పట్టెనా, జతి స్పష్టముగ చెప్పెనా యని చూతురు. ఎదుట ఆడునది తోడి విద్యార్థిని. ఆమెకు అంతయు వచ్చును. తప్పులాడు ఎనిమిదేండ్ల బిడ్డను పరీక్షామందిరమునకు తెచ్చి, ‘ఈమెకు అరగంటలో ఈ అడుగు నేర్పుము’ అని అడిగిన పరీక్షకుని నేను చూడలేదు. బడిపంతులు కాదలచినవానిని తరగతిలో నిలబెట్టి పాఠము చెప్పించి చూచిన పిదపగాని మన శిక్షణకళాశాలలు పట్టమీయవు. లెక్కలు చెప్పువానికి అవసరమైన ఈ జాగ్రత్త, బిడ్డ మోకాళ్లను, వెన్నెముకను చేతబట్టువానికి అక్కరలేదని ఏల తలంచితిమో తెలియదు.

విశ్వవిద్యాలయ ధననిర్వాహకసంఘము, వాడుకలో యూజీసీ, 2018లో చేసిన నియామక నిబంధనలలో సంగీతనృత్యములకు ఒక ప్రత్యేకవాక్యము కలదు. స్నాతకోత్తరపట్టమును, జాతీయ అర్హతాపరీక్షయు లేకున్నను, పేరొందిన సంప్రదాయగురువు వద్ద నేర్చి, ఆకాశవాణి, దూరదర్శనములయందు ఉన్నతశ్రేణి కళాకారుడై, విషయమును హేతుబద్ధముగ వివరించు శక్తిగలవానిని ఉపన్యాసకునిగ తీసికొనవచ్చునని అందున్నది. వివరించు శక్తియనగా భరతుడు చెప్పిన వచనమే కదా. ఫ్రెంచి చట్టములోని కిటికీవంటిదే ఇది. కాని దానికొక గొళ్లెము కూడ వేయబడినది: అట్టి కళాకారునికైనను డిగ్రీపట్టముండవలెను. బడికి పంపబడని ఇంటిలో పుట్టి, పదాభినయమును తల్లివద్ద నేర్చిన కళావంతుల స్త్రీకి ఈ కిటికీ తెరువబడలేదు. ఆమె వద్ద నేర్చి గ్రంథము వ్రాసినవారికి మాత్రము తలుపే తెరిచియున్నది. మనలో అట్టివారు లేకపోలేదు. ఈ వాక్యమును వ్రాయుచు నన్ను నేను మినహాయించుకొనుట లేదు. నేను డాక్టరేటు పొందిన గ్రంథములోని ఉత్తమమైన అధ్యాయము చదువురాని యొక వృద్ధగురువు మూడు వేసవులు నాకు చెప్పినదియే. ముఖపత్రమున నా పేరున్నది. ఆయన పేరు కృతజ్ఞతలు తెలిపిన పుటలో, అందును చివరి వరుసలో ఉన్నది.

సముద్రము దాటిన తెలుగువారిలో ఈ ప్రశ్న మరింత పదునెక్కినది. అమెరికాలోని తల్లిదండ్రులు బిడ్డకు సంగీతము చెప్పించినను, బాలే చెప్పించినను శ్రేణులు, పరీక్షలు కలవు. కూచిపూడికి ఏవి యని అడిగిరి. 2010 డిసెంబరున హైదరాబాదులో సిలికానాంధ్రవారు నడపిన సమ్మేళనమున 2,800కు పైగా నర్తకులు ఒకే తిల్లానాను ఆడినప్పుడు, అంతమందిని దేశదేశములందు వేరువేరుగ తీర్చి ఒక్క తాళమునకు తెచ్చిన గురువులెందరో యని నాకు ఆశ్చర్యము కలిగినది. చూచినవారు నర్తకుల నెన్నిరి. కాలిఫోర్నియాలో 2016లో వెలసిన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయము కూచిపూడికి స్నాతకోత్తరస్థాయివరకు విద్య నిచ్చుచున్నది. అచ్చటి గురువులు, బాలేగురువుల ప్రక్క గదిలోనే పాఠము చెప్పవలసివచ్చుటచేత కాబోలు, పిల్లల శరీరమును గూర్చియు, పాఠముల కూర్పును గూర్చియు మనకంటె హెచ్చుగా ఆలోచించుచున్నట్లు తోచుచున్నది.

నేను చెప్పదలచినదానిని అపార్థము చేసికొనవలదు. ఇంటిపేరు తిరిగి అర్హత కావలెనని నా వాదము కాదు. అట్లయినచో మా మోమిన్‌పేట బాలికకు గజ్జె కట్టు యోగమే లేదు. పత్రమును తీసివేయవలెననియు కాదు. మేళము ఏండ్ల తరబడి చూచి నిర్ణయించిన ఆరవ గుణమును మనము పత్రములోనికి మార్చుకొనునప్పుడు దింపుకొనలేదని చెప్పుట మాత్రమే. పరిశోధకవిద్యార్థులకు ఇచ్చట చేయదగిన పని చాలగలదు. సూత్రధారులు పిల్లలను దిద్దిన తీరు, కళావంతుల ఇండ్లలో పెద్దలు అభినయమునకు వాడిన బోధనావాక్యములు, చిరుతల గురువుల వ్రాతపుస్తకములు, వీటిలో ఏదియు క్రమముగ సేకరింపబడలేదు. ఆటను చిత్రించుకొనివచ్చు విద్యార్థులు పాఠమును చిత్రించుకొనివచ్చుట లేదు. మా ప్రాంతపు గురువుల పుస్తకములను కొన్నింటిని నేను చూచితిని. పద్యములప్రక్కన పెన్సిలుతో గుర్తులున్నవి: ఎచ్చట వలయము తిరుగవలెనో, ఎచ్చట ఏ కుఱ్ఱవాడు తడబడునో. ఒక పుటలో పేరు వ్రాసి, ‘వీనికి ముందు చూపి తరువాత చెప్పవలె’ అని యున్నది.

నా విద్యార్థినికి ఆ పుటను చూపితిని. ఆమె కొంతసేపు చదివి, తన సంచిలోని నోటుపుస్తకము తీసి, ఆదివారపు తరగతిలోని పదకొండుమంది పిల్లల పేర్లు వరుసగా వ్రాసి, ఒక్కొక్క పేరు ప్రక్కన కొంత చోటు విడిచినది.